మూడో మంచం అద్దం

డ్యూటీ 1

ఈ పుస్తకం చేత్తోనే రాయాలట. గోడలకు కూడా జ్ఞాపకశక్తి పెట్టిన ఈ రోజుల్లో నర్సు మాత్రం కలం పట్టుకోవాలి. యంత్రం తనకు తానే సాక్షి కాకూడదని నిబంధన. నిబంధన బాగానే ఉంది గానీ, నా చేతిరాత చదవగలిగే సాక్షిని కూడా వాళ్ళే వెతుక్కోవాలి.

రాస్తున్నది తాయారమ్మ, వయసు అరవై ఎనిమిది. ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, ఇక మందారాలు అంటుకట్టుకుంటూ కూర్చుందామనుకుంటే రిటైరైనవాళ్ళకి వేసే రెండో కొలువు చీటీలో అత్యవసర వార్డు నర్సు వచ్చింది. నాతో పాటు చీటీ తీసిన లెక్కల మాస్టారికి లాకుల కాపలా పడింది. ఆయన రోజంతా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటాడు. పైగా నడుం నొప్పంటాడు. నా సంగతి విని మా మనవరాలు, "అమ్మమ్మా, నువ్వు నర్సువా? పాపం పేషెంట్లు" అంది.

ఏడు నెలల శిక్షణ తర్వాత ఇవాళ కొత్తపాయ ఆసుపత్రిలో దింపారు. ఆరు మంచాలు. చుట్టూ సముద్రం, అడుగున ఒకప్పటి వరిచేలు. పడవ దిగి పద్దెనిమిది మెట్ల నిచ్చెన ఎక్కాలి. నిచ్చెన ఎక్కగలిగినవాడికి సగం రోగం లేనట్టేనని ఇక్కడివాళ్ళు అంటారు. నేను ఎక్కేసరికి నాకు సగం రోగం వచ్చింది.

హెడ్ నర్సు ఎస్తేరుకి ఇరవై ఏడేళ్ళు. నన్ను చూసి, "మామ్మగారూ, ఎవరిని చూడాలి?" అంది.

"నిన్నేనమ్మా. నేను నీ కొత్త నర్సుని."

నా గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నాకో స్టూలు వేసింది. అత్యవసర వార్డులో కూర్చునే నర్సు ఎలా ఉంటుందో నాకు తెలియదు గనుక నిలబడే ఉన్నాను.

డ్యూటీ 2

ఇక్కడ యంత్రాలు పదకొండు రకాల కూతలు కూస్తాయి. ఏ కూత దేనిదో శిక్షణలో నూటికి తొంభై ఆరు తెచ్చుకున్నాను. ఇక్కడ పదకొండూ ఒకేసారి కూస్తే తొంభై ఆరు ఎటు పోయాయో తెలియలేదు. రెండో మంచం గుండె ఆగిందని బండి తోసుకుంటూ పరిగెత్తాను. ఆయన వేలికున్న క్లిప్పు తీసి పక్కన పెట్టి ఇడ్లీ తింటున్నాడు. "చట్నీ అంటుద్దని తీశానండి" అన్నాడు. నేను బండి పట్టుకుని నిలబడి ఆయన కంటే ఎక్కువ ఆయాసపడ్డాను.

ఆ తర్వాత అరగంటకే కరెంటు కొట్టిన పడవ మేస్త్రిని తెచ్చారు. ఈసారి నిజంగానే ఆగింది. ఎస్తేరు చెప్పినట్టల్లా ఛాతీ నొక్కాను. బతికాడు. నేను చేసింది ఏదో, ఎస్తేరు చేసింది ఏదో, యంత్రం చేసింది ఏదో విడదీసి రాయమంటే మాత్రం రాయలేను.

డ్యూటీ 4

మూడో మంచానికి కొత్త మనిషి. కొక్కిలిగడ్డ వీరాస్వామి, యాభై రెండేళ్ళు, పీతల చెరువు. పీత డెక్క గుచ్చుకుని చెయ్యి వాచి, చీము రక్తంలోకి పాకి, నిన్న తెలివి లేకుండా వచ్చాడట. ఇవాళ కళ్ళు తెరిచి, "ఆ పీతని పట్టారా?" అని అడిగాడు. బాగుపడతాడు.

పక్కనే ఆయన అక్క నాంచారమ్మ, అరవై ఒకటి. ఎండిన సరుగుడు మొద్దులాంటి మనిషి. నేను సూది తీసుకురాగానే, "నీ చెయ్యి వణుకుతుందేంటమ్మా?" అంది.

"వయసమ్మా."

"మరి వయసున్న పిల్లని పంపించు."

ఎస్తేరు వచ్చి సూది వేసింది. నా చెయ్యి వణకలేదని, దీపం వణికిందని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ప్రతి మంచం తలవైపు ఒక అద్దం. పరుపు మనిషిని చదువుతుంది, అద్దం అలాంటి మనిషినే లోపల కడుతుంది. ఆ అద్దంమనిషి మనకంటే ఆరు గంటలు ముందు బతుకుతాడు. రాజధానిలో కూర్చున్న డాక్టరు ముందు అతనికి మందిచ్చి చూసి, కుదిరితే ఇక్కడికి ఆర్డరు పంపుతుంది. నా పని అద్దం తుడవడం, వచ్చిన మందు ఎక్కించడం, అద్దం కింద అసలు మనిషి కూడా ఒకడున్నాడని మరచిపోకుండా ఉండడం. మూడోది శిక్షణలో లేదు, నేనే చేర్చుకున్నాను.

డ్యూటీ 5

ఇవాళ్టి నుంచి వీరాస్వామికి కుర్చీ గంట. పదిన్నరకి మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టాలి, పదకొండున్నరకి మళ్ళీ మంచం ఎక్కించాలి. పడుకునే ఉంటే ఊపిరితిత్తులు బద్ధకిస్తాయి. నాంచారమ్మ అడ్డుపడింది. "ఆడి ఒళ్ళు నేనే తుడుస్తా. తెర వేసి మీరెల్లండి. మా లంకలో జబ్బుమనిషి ఒళ్ళు అయినోళ్ళు తప్ప చూడకూడదు."

ఆ మాత్రం మర్యాద నాకూ తెలుసు. తెర వేసి వచ్చాను.

పన్నెండింటికి మూడో అద్దం ఎర్రబడింది. అద్దంమనిషి గుండె మధ్యమధ్య కొట్టుకోవడం మరచిపోతోంది. అంటే సాయంత్రం ఆరింటికి వీరాస్వామి గుండె అలా చేస్తుందన్నమాట. వేలి క్లిప్పు చూస్తే ఎనభై రెండు, గడియారంలా. ఆర్డరు ప్రకారం ఒక మందు ఆపాను. సాయంత్రం దాకా ఉండి చూశాను. గుండెకేమీ కాలేదు. మందు ఆపబట్టి కాలేదా, కానిదానికి మందు ఆపామా?

డ్యూటీ 6

పొద్దున అద్దం నిర్మలం. మధ్యాహ్నం మళ్ళీ ఎరుపు, నిన్నటి కంటే ఎక్కువ. రాజధాని నుంచి డాక్టర్ హిమజ గొంతు వచ్చింది. ఎనభై అద్దాలు చూస్తుందట ఆ పిల్ల. అయినా మర్యాద తప్పదు.

"తాయారమ్మగారూ, ఆరు గంటల తర్వాత గుండె నాలుగేసి సెకన్లు ఆగుతోందండీ."

"ఇప్పుడు నాడి చూశానమ్మా. ఎనభై."

"నాడి ఇప్పటి సంగతి చెబుతుంది. మనకి సాయంత్రం సంగతి కావాలి."

"నిన్న సాయంత్రం అయిపోయిందిగా. ఆగలేదు."

"ముందే మందు మార్చాం కాబట్టి ఆగలేదండీ."

ఇలా వాదించిన విద్యార్థికి నేను మార్కులు తీసేసేదాన్ని. ఎందుకు తియ్యాలో మాత్రం అక్కడికక్కడ తోచేది కాదు. ఇప్పుడూ తోచలేదు.

డ్యూటీ 7

నాంచారమ్మ రాలేదు. పీతలకు మేత వెయ్యకపోతే ఒకదాన్నొకటి తింటాయట. కుర్చీ గంట నేనే చూశాను. వీరాస్వామి ఒళ్ళు తుడవనివ్వలేదు, మొహం మాత్రం కడిగించుకున్నాడు.

మధ్యాహ్నం అద్దం నిర్మలం. సాయంత్రం కూడా.

ఇంటికెళ్ళి పట్టిక గీశాను. కుర్చీ మూడు రోజులూ ఉంది. జావ మూడు రోజులూ ఉంది. మందులూ అంతే. ఇవాళ లేనిది అక్కగారు ఒక్కతే. గుండెను నెమ్మదింపజేసి గతి తప్పించే మొక్కలు నాకు తెలిసినవి నాలుగు. వాటిలో గన్నేరు ఈ గట్ల నిండా ఉంది.

డ్యూటీ 8

నాంచారమ్మ తెర దాటకముందే సంచి పట్టుకున్నాను.

"ఏం తెస్తున్నావు తమ్ముడికి?"

"ఏం తేను?"

"ఆకులేమైనా నూరి పోస్తున్నావా? గన్నేరు?"

ఆవిడ నన్ను కిందనుంచి పైకి చూసింది. సంచి నా చేతిలోంచి లాక్కుని బల్లమీద బోర్లించింది. ఎండుచేపలు, దువ్వెన, పీతల మేత పొట్లం, తడిగుడ్డలో చుట్టిన ఆకులు. ఆకు నలిపి వాసన చూశాను. వామాకు. ముప్ఫై నాలుగేళ్ళ వృక్షశాస్త్రం దగ్గుమందు దగ్గర ఆగిపోయింది.

"చూశావా పంతులమ్మా? ఆడికి ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. ఈ చేతులతో గంజి పోసి పెంచా. గన్నేరు పెట్టాలంటే అప్పుడే పెట్టేదాన్ని, ఇంత తిండి మిగిలేది."

తెరవెనక నుంచి వీరాస్వామి, "అక్కా, నేను వింటున్నా" అన్నాడు.

"వినరా. నీకూ తెలియాలి."

క్షమాపణ చెప్పాను. ఆవిడ తీసుకోలేదు. తెర విసురుగా వేసుకుంది. ఆ ఊపుకే కాబోలు, ఒకసారి మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. కోపమనుకున్నాను.

మధ్యాహ్నం అద్దం నెత్తురు ముద్ద. అద్దంమనిషి గుండె పదకొండు సెకన్లు ఆగింది. డాక్టర్ హిమజ ఆర్డరు పంపింది: రేపు పదకొండున్నరకి మెడ నరంలోంచి గుండెలోకి తీగ దించాలి. గుండె మరచిపోయినప్పుడల్లా ఆ తీగ గుర్తు చేస్తుంది. దించేది పైకప్పుకున్న యంత్రపు చెయ్యి. పక్కనుండి అందించేది నేనూ ఎస్తేరూ.

నేను అడ్డు చెప్పాను. రక్తంలో ఇంకా చీము తిరుగుతున్నవాడికి తీగ దించితే, ఆ పురుగు తీగ పట్టుకుని గుండెలో కాపురం పెడుతుంది. డాక్టర్ ఆ మాట ఒప్పుకుంది. "కానీ దించకపోతే గుండె ఆగిపోతుందండీ" అంది. దించితే చావవచ్చు, అద్దం నిజమైతే దించకపోయినా చస్తాడు. మా ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చవలసిన మనిషికి, అంటే నాకు, అనుభవం ఎనిమిది రోజులు.

డ్యూటీ 9

పది గంటలు: పొద్దున్నే అద్దం మళ్ళీ నిర్మలంగా ఉంది. హిమజకి చెప్పాను. "రోజూ పొద్దున అలాగే ఉంటోంది, మధ్యాహ్నం చూస్తున్నారుగా" అంది. ఛాతీకి అంటించే పట్టీలు, తీగ పెట్టె, మందులు బండిమీద సర్దాను.

పదిన్నర: తీగ దించేముందు ఒళ్ళు తుడవాలని నాంచారమ్మ పట్టుబట్టింది. కుర్చీలోకి దింపి, తెర వేసి వచ్చాను. నాతో మాట్లాడలేదు.

తర్వాతిది సాయంత్రం కూర్చుని రాస్తున్నాను. గంటలు సరిగ్గా గుర్తులేవు.

తీగ దించడానికి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద వేలిముద్ర తీసుకోవాలని పదకొండు దాటాక తెర తీశాను. వీరాస్వామి కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళు తుడవడం అయిపోయింది. మంచం మీద నాంచారమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి మెడదాకా, చేతులు ఛాతీమీద, కళ్ళు మూసుకుని.

"ఏమిటిది?"

కళ్ళు తెరవకుండానే చెప్పింది. "ఆడి పక్క. గంట సేపు నేను పడుకుంటే ఆడి గండం సగం నాకొచ్చుద్ది. మా లంకలో అందరూ చేసేదే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కుర్చీ ఎక్కించిన కాణ్ణించి. మొన్నొక్కరోజు పీతలకాడికి పోయా."

తల ఎత్తి అద్దం చూశాను. ఎర్రబడుతోంది. కుర్చీలో ఉన్న వీరాస్వామి వేలు చూశాను. ఎనభై నాలుగు. నా పట్టిక గుర్తొచ్చింది. అందులో నేను రాసుకున్నది సరైనదే. అక్కగారు ఉన్న రోజు ఎరుపు, లేని రోజు నిర్మలం. ఆవిడ ఏదో తెస్తోందనే అనుకున్నాను. తెస్తున్నది గుండె.

పరుపుకి మనిషి మొహం తెలియదు. చెమటా, బరువూ, నాడీ తెలుసు. ఒకే కడుపున పుట్టి, ఒకే చెరువు పీతలు తిని, సమానంగా ఎండిన ఇద్దరిని ఒకరనుకుంది. తమ్ముడి ఒంట్లో అక్క గుండె పెట్టి సాయంత్రం లెక్క కట్టింది.

ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. కొట్టింది. ఆగింది. నేను ఐదు లెక్కపెట్టాక మళ్ళీ కొట్టింది.

"నాంచారమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా ఈమధ్య?"

"చెరువు గట్టు మీద రెండుసార్లు పడ్డా. ఆడి గండం మోస్తుంటే తిరగవా మరి?"

"ఎప్పటినుంచి?"

"దసరా ముందు..." అని, అప్పుడు వీరాస్వామికి జబ్బే లేదని ఆవిడకే తోచినట్టుంది, కళ్ళు తెరిచి నాకేసి చూసింది. ఏదో అనబోయింది. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. చేతికింద నాడి లేదు.

"ఎస్తేరూ!" అని అరిచాను. ఆ గొంతు నాకుందని నాకు తెలియదు. మోకాలు మంచం మీద పెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. కుర్చీలోంచి వీరాస్వామి "అక్కా, అక్కా" అంటున్నాడు. లేవబోతే, "లేచావంటే నీకు కూడా నేనే నొక్కాలి, కూర్చో!" అన్నాను. కూర్చున్నాడు.

ఎస్తేరు వచ్చి ఛాతీకి పట్టీలు అంటించింది. తమ్ముడికోసం సర్దిన పట్టీలు. యంత్రం బయటనుంచి తట్టడం మొదలుపెట్టింది, గుండె అయిష్టంగా జవాబిచ్చింది. అది ఎక్కువసేపు నిలవదు, తీగ కావాలి. "ఈమెని చేర్చుకుని నంబరు తియ్యాలి మామ్మగారూ, నంబరు లేని మనిషిని యంత్రపు చెయ్యి ముట్టుకోదు. దానికి ఇరవై నిమిషాలు" అంది ఎస్తేరు.

అద్దంలోంచి హిమజ గొంతు వచ్చింది. "మూడో మంచం! ఏమైంది? సాయంత్రం ఆగవలసింది ఇప్పుడే ఎందుకాగింది?"

నేను నాలుగు ముక్కల్లో చెప్పాను. మంచం మీదున్నది అక్క. అద్దంలో మీరు ఐదు రోజులుగా చూస్తున్న గుండె ఈవిడదే. పరుపు ఇప్పటికీ ఈవిణ్ణి మూడో నంబరనే అనుకుంటోంది.

ఎనభై అద్దాల పిల్ల, ఎంత సేపు ఆలోచిస్తుందోనని భయపడ్డాను.

"తాయారమ్మగారూ," అంది చివరికి, "మూడో మంచానికి నిన్ననే ఆర్డరు ఇచ్చాను. మూడో మంచం మీద ఎవరున్నారో నాకిక్కణ్ణుంచి కనబడదు. ఆవిణ్ణి మంచం దింపకండి."

పైకప్పు నుంచి చెయ్యి దిగింది. మెడ దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత తీగ లోపలికి వెళ్ళింది. అద్దంలో ఎరుపు అంచులనుంచి తగ్గుతూ వచ్చింది. గుండె డెబ్భై దగ్గర నిలబడింది.

చాలాసేపటికి నాంచారమ్మ కళ్ళు తెరిచి, ముందు తమ్ముడి కుర్చీ ఉందా లేదా చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఏం పంతులమ్మా, నా గుండెల మీద ఎక్కి తొక్కావా?"

"తొక్కానమ్మా."

"ఎముక ఇరిగింది. చూసుకు తొక్కొద్దూ?"

ఒక పక్కటెముక నిజంగానే విరిగింది. నమోదు చేశాను.

డ్యూటీ 10

కుర్చీ గంటలో మంచం కిందున్న మీట కాలితో నొక్కి పరుపుని నిద్రపుచ్చాలట. శిక్షణలో పరుపులు మనిషి దిగగానే తమంతట తామే నిద్రపోయేవి. ఇక్కడివి పాతవి. "చెప్పలేదా మామ్మగారూ?" అంది ఎస్తేరు. చెప్పలేదు. అడగలేదు కూడా. నొక్కకపోవడం నా తప్పు. తెర వెనక ఐదు రోజులు ఏం జరుగుతోందో చూడకపోవడం కూడా నా తప్పే. ఆ తప్పు వల్ల ఒక మనిషికి అక్కర్లేని తీగ గుండెలోకి దిగబోయింది. అర్ధగంట తేడాలో.

ఇక్కడిదాకా స్పష్టంగానే ఉంది. చిక్కంతా తర్వాతిదే. ఆ మీట నేను నొక్కి ఉంటే, ఆ గుండె ఎవరికీ కనబడేది కాదు. నాంచారమ్మ ఏదో ఒక రోజు చెరువు గట్టు మీద ఒంటరిగా పడిపోయేది. పీతలు మేతకోసం చూసేవి.

రాజధాని నుంచి కాగితం వచ్చింది. "ఘటనకు కారణం" అని ఒక గడి. హిమజ "పరుపు లోపం" అని రాయమంటోంది. ఎస్తేరు "కొత్త సిబ్బంది అవగాహన లోపం" అంటే బాగుంటుందంటోంది, మర్యాదగా. నాంచారమ్మని అడిగితే, "సగం గండం నాకొచ్చింది, అందుకే ఇద్దరం బతికాం. ఇందులో రాసేదేముంది?" అంది. మూడింటిలో ఏదీ కాదనలేకపోతున్నాను. గడి చిన్నది.

డ్యూటీ 12

నాంచారమ్మ ఇప్పుడు నాలుగో మంచం, సొంత నంబరు, సొంత అద్దం. లోపల ఉండిపోయే యంత్రం రేపటి పడవలో వస్తుంది. వీరాస్వామి రక్తం శుభ్రమవుతోంది, ఇవాళ నా భుజం పట్టుకుని ఐదడుగులు నడిచాడు. ఆ ఐదూ సరిగ్గా నాలుగో మంచం వైపే.

"అక్కా, జరుగు."

"ఎందుకురా?"

"నా సగం నాకియ్యి. నీకెందుకది?"

"ఇచ్చేది లేదు. చేతి మీద పుండు మానలేదు, అప్పుడే లెక్కలకొచ్చావా?"

"నువ్వు పడుకుంటే ధర్మం, నేను పడుకుంటే తప్పా? మామ్మగారూ, మీరు చెప్పండి."

ఇద్దరూ నాకేసి చూశారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఏ పరీక్షలోనూ ఈ ప్రశ్న ఇవ్వలేదు.

"మంచం ఎక్కడానికి వీల్లేదు. నీ పుండు, ఆవిడ తీగ, రెండూ ఒకే పక్క మీద ఉండకూడదు," అన్నాను. "కుర్చీ వేస్తాను. చెయ్యి పట్టుకుని కూర్చో. అలా పంచుకోవచ్చో లేదో మీ లంక రూలు నాకు తెలియదు, మీరే తేల్చుకోండి."

వాళ్ళు నిజంగానే కూర్చుని తేల్చుకున్నారు. వాళ్ళ మేనత్త ఎవరికో ఎప్పుడో చేసిందాన్ని ఉదాహరణగా తీసుకుని, ఇద్దరూ గొంతు పెంచి వాదించుకుని, చివరికి నాంచారమ్మ తీర్పు చెప్పింది.

"చెయ్యి పట్టుకుంటే పావు వంతు."

"సరే, పావే ఇయ్యి," అని వీరాస్వామి బాగున్న చెయ్యి చాపాడు.

మూడో మంచం పరుపు మీట నొక్కి, ఆ గంటంతా పక్కనే నిలబడ్డాను. మొదట్లో నాడులు రెండూ లెక్కపెట్టాను: అతనిది డెబ్భై ఎనిమిది, ఆవిడది డెబ్భై. గంట తర్వాత అతనిది డెబ్భై ఎనిమిది, ఆవిడది డెబ్భై. పావు వంతు ఎక్కడా కనబడలేదు.

ఇంకోసారి లెక్కపెట్టాను.